మన ఇంటి మాట: పొలం అమ్మే ముందు



ఈ నెల నా ముందున్న ఉత్తరం ముస్తాబాద్ మండలంలోని ఒక పల్లె నుండి వచ్చింది. వ్రాసిన తల్లి పేరు గాని, ఊరి పేరు గాని ఇక్కడ వేయడం లేదు. ముఖ్యమైన భాగం ఆమె మాటల్లోనే చదవండి.

“అక్కా, మా పెద్దబిడ్డ కరీంనగర్‌ల జి.ఎన్.ఎమ్. నర్సింగు చదివింది. ఇప్పుడు ఒక ప్రైవేటు దవాఖానల స్టాఫ్ నర్సుగ చేస్తున్నది. నెలకు పద్నాలుగు వేలు ఇస్తున్నరు. మా ఆయన పదకొండేండ్లు సౌదీల ఉండి వచ్చిండు. నేను బీడీలు చేస్త. మాకు రెండెకరాల పొలం ఉన్నది, ఇంకేం లేదు. మన సంఘానికి వచ్చే ఒక తమ్ముడు బిడ్డకు లండన్ కేర్ వీసా తీస్తనంటున్నడు. పద్నాలుగు లక్షలు అయితయట. ముందుగాల మూడు లక్షలు కట్టాల్నట. అయిదేండ్లు ఉంటే అక్కడోళ్ళే అయిపోతరట. ఇంటికి వచ్చి ప్రార్థన చేసి మరీ చెప్పిండు. మా ఆయన పొలం బేరం పెట్టిండు. నాకు మనసు ఒప్పుకుంటలేదు. ప్రార్థన చేసిన మనిషిని అనుమానిస్తే పాపమా? బిడ్డ పోతే మళ్ళ వస్తదా, రాదా? జవాబు తొందరగ ఇయ్యండి.”

చెల్లెమ్మా, ముందు ఆ పొలం బేరం ఆపండి. మూడు లక్షలు కూడా కట్టవద్దు. ఈ పత్రిక నీ చేతికి వచ్చేలోగా ఆలస్యమవుతుందని నీకు వేరుగా ఒక ఉత్తరం కూడా వేశాను. ఇక్కడ అదే జవాబును కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. ఎందుకంటే సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు నర్సింగు చదివిన ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఇదే మాట నడుస్తున్నది.

ఆ వీసా తలుపు మూసి ఉంది

మొదట “లండన్ కేర్ వీసా” సంగతి. ఇంగ్లండులో వృద్ధులను, లేవలేనివారిని చూసుకొనే పనివారిని కేర్ వర్కర్ అంటారు. స్నానం చేయించడం, తినిపించడం, మందులు గుర్తుచేయడం వంటి పనులు. గౌరవమైన పనే, కాని అది నర్సు ఉద్యోగం కాదు. 2022 నుండి ఆ పనికి బయటి దేశాలవారికి కూడా వీసాలు ఇచ్చారు. మన జిల్లాల నుండి కూడా పిల్లలు వెళ్ళారు. తర్వాత ఆ ప్రభుత్వం ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వచ్చింది. 2024 మార్చి 11 నుండి కేర్ వర్కర్లు భర్తను, పిల్లలను వెంట తీసుకొని రాకూడదన్నారు. 2025 జూలై 22 నుండి బయటి దేశాల నుండి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపివేశారు.

అంటే మీ ఇంటికి వచ్చిన తమ్ముడు అమ్ముతున్న సరుకు దుకాణంలోనే లేదు. ఆయనకు ఈ సంగతి తెలియకపోవచ్చు. పైవాడు చెప్పింది నమ్మి తిరుగుతూ ఉండవచ్చు. తెలిసినా తెలియకపోయినా నీ పొలానికి జరిగే నష్టం ఒకటే.

ఇందులో ఒక సంతోషకరమైన సంగతి కూడా ఉంది. నీ బిడ్డకు ఆ కేర్ వీసా అవసరమే లేదు. ఆమె మూడేండ్లు చదివి, కౌన్సిల్‌లో రిజిస్టరైన నర్సు. నర్సులకు వేరే తలుపు ఉంది, అది ఇంకా తెరిచే ఉంది. కాని ఆ తలుపుకు తాళంచెవి ఏజెంటు దగ్గర ఉండదు, నీ బిడ్డ దగ్గరే ఉంటుంది.

గల్ఫ్ లెక్క వేరు, ఈ లెక్క వేరు

మన ప్రాంతంలో వీసా అంటే కొనేది. సాంచెలు ఆగినప్పుడు, బోర్లు ఎండినప్పుడు మన అన్నలు, తమ్ముళ్ళు అప్పు చేసి వీసా కొని సౌదీ, దుబాయి, మస్కట్ వెళ్ళారు. కంపెనీ వీసా ఇంత, ఆజాద్ వీసా ఇంత అని రేటు ఉండేది. నీ భర్త కూడా అలాగే వెళ్ళి ఉంటాడు. అందుకే పద్నాలుగు లక్షలంటే ఆయనకు విడ్డూరం అనిపించలేదు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చూసిన లోకం అదే.

నర్సు వెళ్ళే దారి అలా ఉండదు. ఏ దేశంలోనైనా రోగికి సూది వేయాలంటే ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి కావాలి. మొదట భాష పరీక్ష, తర్వాత వృత్తి పరీక్ష, తర్వాత రిజిస్ట్రేషన్, తర్వాత ఆసుపత్రి ఉద్యోగం, చివర వీసా. వీసా ఈ వరుసలో ఆఖరిది. దాన్ని మొదటికి తెచ్చి “డబ్బు కట్టండి, మిగతావి తర్వాత చూద్దాం” అనేవాడు మెట్లు లేకుండా మేడ ఎక్కిస్తానన్నట్టే.

గల్ఫ్ దేశాలకు కూడా నర్సులకు పరీక్ష, పత్రాల పరిశీలన ఉంటాయి. అక్కడ జీతాలు మంచివే, ఆదాయపు పన్ను లేదు. కాని అది సంపాదించుకొని తిరిగి వచ్చే దారి. ఎకామా ఉన్నంతవరకే ఉండటం. ఉద్యోగం పోతే ఇంటికి రావలసిందే. స్థిరపడటం అనే మాట మీరు అడిగారు కనుక ఈ తేడా ముందే తెలుసుకోవాలి.

గల్ఫ్ వెళ్ళే సిస్టర్లకు మరొక మాట. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు నర్సు ఉద్యోగం మీద వెళ్ళేవారు, పాస్‌పోర్టు ఏ రకమైనా సరే, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2015లో నియమం పెట్టింది. “విజిట్ వీసా మీద దిగు, అక్కడ మార్చుకుందాం” అని ఎవరైనా చెప్తే ఆ రక్షణ నుండి మిమ్మల్ని తప్పిస్తున్నారని అర్థం.

స్థిరపడటానికి ఏ దేశం?

ఇప్పుడు ఒక్కొక్క దేశం గురించి నాకు తెలిసినంత చెప్తాను. ముందు ఒక మాట. రెండేండ్ల ఎ.ఎన్.ఎమ్. కోర్సును ఈ దేశాలు పూర్తి నర్సు చదువుగా లెక్కించవు. జి.ఎన్.ఎమ్. గాని, బి.ఎస్సీ. నర్సింగ్ గాని ఉండాలి. జి.ఎన్.ఎమ్. చేసినవారు రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేసుకుంటే కొన్ని దేశాల్లో దారి సులువవుతుంది.

ఇంగ్లండు: మొదట ఇంగ్లీషు పరీక్ష. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అయితే వినడం, చదవడం, మాట్లాడటంలో 7, వ్రాయడంలో 6.5 రావాలి. లేదా ఓ.ఇ.టి. అనే పరీక్ష ఉంది. అందులో ప్రశ్నలన్నీ ఆసుపత్రి మాటల మీదే ఉంటాయి కనుక వార్డులో పనిచేసిన పిల్లలకు అది దగ్గరగా ఉంటుంది. మూడు భాగాల్లో బి గ్రేడు, వ్రాయడంలో సి ప్లస్ చాలు. తర్వాత కంప్యూటర్ మీద వ్రాసే వృత్తి పరీక్ష. దాన్ని మన దేశంలోనే వ్రాయవచ్చు. ఉద్యోగం వచ్చి అక్కడికి వెళ్ళాక ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. దాని ఫీజు దాదాపు 800 పౌండ్లు. చాలా ఆసుపత్రులు ఆ ఫీజు, విమానం టికెట్టు తామే పెట్టుకుంటాయి. అయితే గడువుకు ముందే ఉద్యోగం మానితే ఆ డబ్బు తిరిగి కట్టమనే షరతు ఉంటుంది. కాగితం చదివి సంతకం పెట్టాలి. 2024 నుండి అక్కడి ఆసుపత్రుల పిలుపులు మునుపటికంటే తగ్గాయి. కాబట్టి ఓపిక కావాలి.

“అయిదేండ్లకు అక్కడోళ్ళే అయిపోతరు” అన్న మాట కూడా సరికాదు. అయిదేండ్ల తర్వాత వచ్చేది శాశ్వతంగా ఉండే అనుమతి. పౌరసత్వం ఆ తర్వాతి మెట్టు. పైగా ఆ అయిదేండ్లను పదేండ్లు చేస్తామని అక్కడి ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అయిదేండ్లని ఖాయంగా చెప్పేవారి మాట మీద లెక్కలు వేసుకోవద్దు.

జర్మనీ: మన పల్లె పిల్లలు ఎక్కువగా ఆలోచించవలసిన దేశం ఇదని నా అభిప్రాయం. ఇక్కడ కష్టం భాష. కొత్త భాష నేర్చుకోవాలి. ఇంగ్లీషు మీడియం పిల్లకు, తెలుగు మీడియం పిల్లకు అది సమానంగా కొత్తదే కాబట్టి వెనుకబడ్డామనే దిగులు అక్కరలేదు. బి1 అనే మెట్టు వరకు ఇక్కడ నేర్చుకొని, బి2 అక్కడ పూర్తిచేస్తారు. మన చదువును వారు గుర్తించేవరకు సహాయకురాలిగా తక్కువ జీతానికి పనిచేయాలి. గుర్తింపు వచ్చాక పూర్తి నర్సు జీతం. నర్సుగా మూడేండ్లు పనిచేసి, అక్కడి పెన్షన్‌కు చందా కట్టి, భాష వచ్చినవారు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

జర్మనీ ప్రభుత్వపు ఉపాధి సంస్థ నడిపే ‘ట్రిపుల్ విన్’ అనే పథకం ఉంది. 2013లో మొదలైంది. ఇందులో ఖర్చు ఉద్యోగం ఇచ్చేవారు పెట్టుకుంటారు, నర్సు దగ్గర తీసుకోరు. మన రాష్ట్రంలో ఈ పనిని తెలంగాణ ప్రభుత్వ సంస్థ అయిన టామ్‌కామ్ చూస్తున్నది. హైదరాబాదులో మల్లేపల్లి ఐ.టి.ఐ. ఆవరణలో వారి ఆఫీసు ఉంది. పద్నాలుగు లక్షలు చేతిలో పట్టుకొని తిరిగేముందు హైదరాబాదు బస్సు టికెట్టు కొనుక్కొని అక్కడికి వెళ్ళి అడగడం మేలు.

ఐర్లండు: ఇంగ్లీషు దేశమే. అక్కడి నర్సింగ్ బోర్డు పత్రాలు చూసి నిర్ణయం చెప్తుంది. తర్వాత కొన్ని వారాలు ఆసుపత్రిలో పని చూపించాలి, లేదా పరీక్ష వ్రాయాలి. రిజిస్టరైన నర్సులు ఆ దేశానికి బాగా అవసరమైన వృత్తుల జాబితాలో ఉన్నారు. ఆ అనుమతి మీద రెండేండ్లు పనిచేస్తే తర్వాత యజమానికి కట్టుబడకుండా ఉండే అనుమతి వస్తుంది.

ఆస్ట్రేలియా, న్యూజీలండ్: వృత్తి పరీక్షతోపాటు అక్కడికి వెళ్ళి ప్రాక్టికల్ పరీక్ష ఇవ్వాలి. న్యూజీలండ్‌కు ఆ పరీక్ష క్రైస్ట్‌చర్చ్‌లో. అంటే ఉద్యోగం చేతికి రాకముందే పెద్ద ఖర్చు. అవి దాటినవారికి శాశ్వత వీసా దారి తక్కిన దేశాలకంటే తిన్నగా ఉంటుంది. అయితే న్యూజీలండ్‌లో కూడా 2024 నుండి కొత్త ఉద్యోగాలు తగ్గాయి.

అమెరికా: ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష. హైదరాబాదులో వ్రాయవచ్చు. తర్వాత వీసా స్క్రీన్ అనే ధ్రువపత్రం. ఆసుపత్రి దరఖాస్తు పెడితే నర్సుకు నేరుగా గ్రీన్ కార్డే వస్తుంది. కాని వరుస చాలా పొడవు. ఏ ఒక్క దేశానికీ ఏటా నూటికి ఏడుకు మించి ఇవ్వకూడదని వారి చట్టం. మన దేశం నుండి 2013లో పెట్టుకున్నవారి వంతు 2025లో నడిచింది. పేరు వ్రాయించుకొని ఉంచుకోవచ్చు గాని దానినే నమ్ముకొని పెళ్ళి, ఉద్యోగం ఆపుకొని కూర్చోవద్దు.

డబ్బు ఎంత, ఎవరికి?

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవారికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటైనా తన సేవకు 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. మాత్రమే తీసుకోవాలి. రశీదు ఇవ్వాలి. లైసెన్సు ఉన్నవారి పేర్లు ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ జాబితాలో ఉంటాయి. నీ చిన్నబిడ్డయినా ఫోనులో చూసి చెప్పగలదు. అర్థం కాకపోతే హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో అడగవచ్చు. “మేము ఏజెంట్లం కాదు, కన్సల్టెన్సీ మాత్రమే” అని బోర్డు పెట్టుకొని ఉద్యోగం ఇప్పిస్తామనేవారి దగ్గర ఇంకా జాగ్రత్త.

లైసెన్సు ఉన్నంత మాత్రాన కూడా నిశ్చింత లేదు. 2015లో కొచ్చిలో ఒక ఏజెన్సీ మీద సి.బి.ఐ. కేసు పెట్టింది. కువైట్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉద్యోగానికి 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట ఒక్కొక్క నర్సు దగ్గర 19 లక్షలకు పైగా వసూలు చేశారని ఆరోపణ. అంత డబ్బు కట్టిన కుటుంబాలు కూడా మీవంటివే. పొలాలు, బంగారం, వడ్డీ అప్పులు.

అప్పు ఎంత బరువో చెప్పడానికి మరో సంగతి. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో యుద్ధం మధ్య మన దేశపు నర్సులు 46 మంది చిక్కుకున్నారు. ఎక్కువమంది కేరళవారు. జూలై 5న వారిని ప్రత్యేక విమానంలో కొచ్చికి తెచ్చారు. తుపాకుల మధ్య ఉండి కూడా వారిలో కొందరు మొదట రావడానికి వెనుకాడారు. జీతాలు నెలల తరబడి రాలేదు, ఇంటి దగ్గర ఏజెంటుకు కట్టిన అప్పు తీరలేదు. వట్టి చేతులతో ఏ ముఖం పెట్టుకొని వెళ్ళాలి అన్నది వారి బాధ. అప్పు చేసి పంపిన బిడ్డకు కష్టం వచ్చినప్పుడు “అమ్మా, వచ్చేస్తా” అని చెప్పే స్వేచ్ఛ కూడా ఉండదు. పొలం అమ్మవద్దని నేను అనడానికి ఇది పెద్ద కారణం.

ఇంగ్లండు నియమాల ప్రకారం కూడా ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆసుపత్రి ఇచ్చే స్పాన్సర్ పత్రం ఖర్చు ఆసుపత్రిదే. నీ బిడ్డ కట్టవలసినవి భాష పరీక్ష, వృత్తి పరీక్ష, పత్రాల పరిశీలన, రిజిస్ట్రేషన్ ఫీజులు. ఇవి కూడా తక్కువేమీ కాదు. ఒక్క ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఫీజే 17 వేలు దాటింది. కాని కోచింగు కలుపుకొన్నా ఆ పద్నాలుగు లక్షలకు చాలా దూరం. పైగా ఇవి విడివిడిగా, ఒక మెట్టు ఎక్కాక ఇంకొకటిగా కట్టేవి. ఒకచోట ఆగిపోయినా మీ పొలం మీదే ఉంటుంది.

ప్రార్థన చేసిన మనిషిని అనుమానిస్తే పాపమా?

కాదు చెల్లెమ్మా. లెక్క అడగడం అనుమానం కాదు. సంఘంలో కానుకల డబ్బు కూడా ఇద్దరు పెద్దలు కూర్చొని లెక్కపెట్టి పుస్తకంలో వ్రాస్తారు. అందులో ఎవరికీ అవమానం లేదు. ఆ తమ్ముణ్ణి ఇంటికి పిలిచి మర్యాదగానే నాలుగు మాటలు అడగండి. నీ లైసెన్సు నంబరు ఎంత? ఆసుపత్రి పేరేమిటి? ఉద్యోగపు ఉత్తరం ఎవరి సంతకంతో వచ్చింది? డబ్బుకు రశీదు ఇస్తావా? నిజాయితీగల మనిషయితే సంతోషంగా చెప్తాడు. కోపం వస్తే, “నన్నే నమ్మరా” అంటే, నీకు జవాబు దొరికినట్టే.

సంఘ పెద్దలకు, కాపరులకు కూడా ఒక విన్నపం. ఆరాధన అయ్యాక వీసాల గురించి ప్రకటనలు చేయడానికి ఎవరినీ అనుమతించవద్దు. మన మీద ఉన్న నమ్మకాన్ని వారు పెట్టుబడిగా వాడుకుంటారు. ఒక కుటుంబం మోసపోతే డబ్బుతోపాటు ఆ నమ్మకం కూడా పోతుంది.

ఇంట్లో ఇప్పుడే చేయవలసినవి

ముప్పై ఏండ్లు వార్డుల్లో డ్యూటీ చేసినదాన్ని కనుక కొన్ని చిన్న సంగతులు చెప్తాను. చిన్నవే గాని చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఒకటి, పేరు. మన ఇళ్ళలో పిల్లలకు బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. విదేశీ కౌన్సిళ్ళకు ఇవి ఇద్దరు మనుషుల పేర్లుగా కనబడతాయి. పదో తరగతి మెమో, నర్సింగ్ సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు మూడింట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ రాత్రే దీపం కింద పెట్టి చూడండి.

రెండు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వవద్దు. 2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైన సిస్టర్లు తమ నమోదు ఇప్పుడు ఏ కౌన్సిల్‌లో ఉందో చూసుకోవాలి.

మూడు, పనిచేసే ఆసుపత్రి నుండి నియామకపు ఉత్తరం, జీతం బ్యాంకులో పడినట్టు ఆధారం, అనుభవ పత్రం తీసుకోవాలి. చేతికి డబ్బులిచ్చి కాగితం ఇవ్వని చోట ఎన్నేండ్లు చేసినా లెక్కలోకి రాదు. నాకు తెలిసిన ఒక సిస్టర్ ఆరేండ్లు చేసిన చోట ఒక్క కాగితం కూడా రాక, మళ్ళీ మొదటినుండి వేరే ఆసుపత్రిలో రెండేండ్లు చేయవలసి వచ్చింది.

నాలుగు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఏజెంటు చేతికీ ఇవ్వవద్దు. నకళ్ళు చాలు.

అయిదు, భాష. రోజుకు రెండు గంటలు, ఒక ఏడాది. నైట్ డ్యూటీ చేసి వచ్చి చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని ఇంట్లో వంట, బట్టల పని ఆ ఏడాది ఆమె మీద వేయవద్దు. తండ్రి చేయగల సహాయం పొలం అమ్మడం కాదు, ఆ రెండు గంటలు ఆమెకు దొరికేలా చూడటం.

పోతే మళ్ళ వస్తదా?

నీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. దీనికి నేను తీపి మాట చెప్పను. స్థిరపడటానికి వెళ్ళిన బిడ్డ సెలవుల్లో వస్తుంది. కాపురానికి రాదు. ఆమె పిల్లలు అక్కడి బడిలో చదువుతారు. తల్లిదండ్రులను శాశ్వతంగా అక్కడికి పిలిపించుకోవడం ఇంగ్లండు వంటి దేశాల్లో చాలా కష్టం. మీ ముసలితనంలో దగ్గర ఉండేది ఎవరు అన్నది ఇప్పుడే కూర్చొని మాట్లాడుకోవలసిన మాట. చిన్నబిడ్డ మీద ఆ బరువంతా పడుతుందేమో ఆమెను కూడా అడగండి. పెద్దబిడ్డ పెళ్ళి సంగతి కూడా అంతే. వెళ్ళకముందే చేసి పంపుదామని తొందరపడి, విదేశీ జీతం చూసి వచ్చే సంబంధానికి ఒప్పుకోవద్దు.

శాశ్వతం అన్న మాట కూడా మనిషి చేతిలో పూర్తిగా ఉండదు. 1960లలో కేరళ నుండి వేలమంది క్రైస్తవ యువతులు, సంఘపు పాదిరీలే ఏర్పాటు చేయగా, పశ్చిమ జర్మనీకి నర్సింగు కోసం వెళ్ళారు. చాలామంది ఇంకా మైనారిటీ తీరని పిల్లలు. 1970ల చివర అక్కడ పరిస్థితులు మారి కొన్ని రాష్ట్రాలు వారి అనుమతులు పొడిగించలేదు. ఉండిపోదామనుకున్నవారిలో కొందరు తిరిగి రావలసి వచ్చింది. కొందరు నిలబడి అక్కడే కుటుంబాలు కట్టుకున్నారు. తిరిగి వచ్చినవారికైనా, ఉండిపోయినవారికైనా చేతిలో మిగిలింది వారి పని. ప్రభుత్వాలు నియమాలు మారుస్తాయి. నేర్చుకున్న చదువును ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

మెదక్, డిచ్‌పల్లి మిషన్ ఆసుపత్రుల కాలం నుండి మన ఇళ్ళ ఆడపిల్లలు ఈ తెల్లని బట్టలు వేసుకున్నారు. వేరేవారు ముట్టుకోవడానికి జంకిన రోగిని మనవారు ముట్టుకున్నారు. 2021లో సిరిసిల్లలోనే ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ వచ్చింది. ఇక ముందు ఈ ప్రశ్న ఇంకా ఎక్కువ ఇళ్ళకు వస్తుంది. వెళ్ళేవారు వెళ్ళాలి, తప్పు లేదు. కాని తలెత్తుకొని, తన పరీక్ష తాను గెలిచి, అప్పు లేకుండా వెళ్ళాలి.

కాబట్టి చెల్లెమ్మా, ఈ వారమే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క మాట అడుగు: “నీకు పోవాలని ఉందా?” నీ ఉత్తరమంతా చదివాను. అందులో తండ్రి ఏమన్నాడో ఉంది, ఏజెంటు ఏమన్నాడో ఉంది, నీ మనసు ఏమంటున్నదో ఉంది. బిడ్డ ఏమన్నదో ఎక్కడా లేదు. ఉందంటే తండ్రీబిడ్డలు కలిసి హైదరాబాదు వెళ్ళి టామ్‌కామ్‌లో అడిగి రానీ. లేదంటే ఇక్కడే ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకు పరీక్ష వ్రాయనీ. రెండింటికీ పొలం అమ్మే పని లేదు.

ఆమె చెప్పిన జవాబు నాకు కూడా ఒక కార్డు ముక్క మీద వ్రాయి. మీ కుటుంబం కోసం ప్రార్థిస్తుంటాను.

మీ అక్కయ్య

(పాఠకులు తమ ఇంటి ప్రశ్నలను పత్రిక చిరునామాకు పోస్టులో గాని, తమ సంఘకాపరి ద్వారా గాని పంపవచ్చు. పేర్లు, ఊర్లు ప్రచురించము.)